పల్లె కతోలిక విచారణ (ఒక గురువు చూసుకునే గుడి, దాని సంఘం) చరిత్ర రాయాలంటే ఏ తేదీ పట్టుకోవాలి? పాత రిజిస్టర్లు, భూమి కాగితాలు చదవడం ఎలా?

హాలియా దారి (ప్రశ్న)

అందరికీ వందనాలు. మాది సాగర్ ఎడమ కాలువ కింద, హాలియా–మిర్యాలగూడ మధ్య ఉన్న కతోలిక విచారణ. జూబిలీకి 64 పేజీల చరిత్ర పుస్తకం వేయాలని విచారణ కమిటీ తీర్మానించింది. మొదటి పేజీ దగ్గరే చిక్కొచ్చింది. గుడి ముందున్న శంకుస్థాపన రాయి మీద 1958 అని ఉంది. మేత్రాసనం (బిషప్ గారి పాలన కింది ప్రాంతం) కాగితాల్లో విచారణగా ప్రకటించింది 1979. పెద్దవాళ్లేమో ఆ రాయికి ఇరవై ఏళ్ల ముందే, నిజాం కాలంలోనే ఉపదేశి (మతబోధ చేసే బోధకుడు) వచ్చాడని, అప్పుడే జ్ఞానస్నానాలు (బాప్తిస్మాలు) మొదలయ్యాయని గట్టిగా చెబుతున్నారు. మా దగ్గరున్న జ్ఞానస్నానం రిజిస్టర్ మాత్రం 1979 నుంచే ఉంది.

తెలిసినవాళ్లు ఈ నాలుగు విషయాలు చెప్పండి. 1979కి ముందు రిజిస్టర్లు ఎక్కడ వెతకాలి? లాటిన్‌లో ఉంటే చదవడం ఎట్లా? గుడి స్థలం ఎవరిచ్చారో ఏ కాగితంలో తేలుతుంది? కాలువ వచ్చాక గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు, ముందు బాప్టిస్టు సంఘంలో ఉండి తర్వాత మనలోకి వచ్చిన కుటుంబాలు కూడా ఉన్నాయి. వాళ్ల మూలాలు ఎక్కడ దొరుకుతాయి?

పాత దస్త్రం (జవాబు)

మీరు చెప్పిన మూడు తేదీలూ నిజమై ఉండొచ్చు. మూడూ మూడు వేర్వేరు సంగతులవి, అందుకే ఒకదానితో ఒకటి కలవవు. కతోలిక సభ నియమాలైన కానన్ చట్టం ప్రకారం బిషప్ గారి ఉత్తర్వు వస్తేనే విచారణ ఏర్పడినట్టు. అంతవరకు మీ ఊరు ఇంకో విచారణ కింద ఒక స్టేషన్. గురువు నెలకో రెండు నెలలకో వచ్చి పూజ చెప్పి, పిల్లలకు జ్ఞానస్నానం ఇచ్చి, తిరిగి వెళ్లాక తన దగ్గరున్న పుస్తకంలో ఎక్కించేవారు. కాబట్టి 1979కి ముందు మీ ఊరి రిజిస్టర్ అంటూ విడిగా ఉండదు. తల్లి విచారణ రిజిస్టర్లో మీ ఊరి పేరు వెతకాలి.

తల్లి విచారణ ఏదో తేలాలంటే ముందు మేత్రాసనాల సరిహద్దులు తెలియాలి. హైదరాబాద్ 1851లో మద్రాసు నుంచి విడిపోయి వికారియేట్ (మేత్రాసనం కాకముందు దశ) అయింది, 1886లో మేత్రాసనమైంది. మిలాన్ మిషనరీ గురువులు, అంటే తర్వాతి రోజుల్లో పీమే సభ అని పిలిచేవాళ్లు, దాన్ని చూసేవారు. 1952 డిసెంబర్లో దానిలోంచి వరంగల్ మేత్రాసనం వేరైంది. 1976 మే 31న హైదరాబాద్, వరంగల్ రెండింటి నుంచీ కొంత కొంత తీసి నల్లగొండ మేత్రాసనం ఏర్పాటు చేశారు. మొదటి బిషప్ పీమే సభకు చెందిన మాథ్యూ చెరియన్‌కున్నెల్ గారు. అంటే 1952కి ముందు సంగతులకు హైదరాబాద్ కూరియా (బిషప్ గారి కార్యాలయం) చూడాలి. 1952–76 మధ్య కాలానికి మీ ఊరు ఏ వైపు ఉండేదో తేల్చుకుని ఆ కూరియాను అడగాలి. చాలామంది నల్లగొండలో అడిగి, లేవని వెనక్కి వస్తారు. 1976లో పుట్టిన కూరియాలో 1934 కాగితం లేకపోతే అది పోయిందని అర్థం కాదు.

ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. 1917 కానన్ చట్టంలోని 470వ కానన్ ప్రకారం ప్రతి విచారణ గురువూ ఏడాది చివర రిజిస్టర్ల నకలు కూరియాకు పంపాలి. ఈ చట్టం 1918 నుంచి 1983 దాకా అమల్లో ఉంది. పల్లెలో అసలు పుస్తకం చెదలు తిన్నా, వానకు తడిసి పోయినా, ఆ నకలు కూరియాలో మిగిలి ఉండే అవకాశముంది. కూరియా కాగితాలు చూసే చాన్సలర్ గారికి ఉత్తరం రాసేటప్పుడు "పాత రిజిస్టర్లు కావాలి" అని ఊరుకోవద్దు. "వార్షిక నకళ్లు" అని పేరు పెట్టి అడగండి. ఉత్తరం మీ విచారణ గురువు సంతకంతో వెళ్లాలి. ఏ ఏళ్లు కావాలో, ఊరి పేరు ఏయే రకాలుగా రాసి ఉండొచ్చో, పుస్తకం ఎందుకో రాయండి. ఊరితో పాటు అప్పటి తాలూకా పేరూ రాయండి. మండలాలు వచ్చింది 1985లో, అంతకు ముందు కాగితాల్లో దేవరకొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ తాలూకాలే కనిపిస్తాయి.

గురువుల పట్టిక తయారు చేయడానికి మద్రాసు కాథలిక్ డైరెక్టరీ మంచి ఆధారం. ఏటా వచ్చేది, ఏ మిషన్‌లో ఏ గురువు ఉన్నారో అందులో ఉంటుంది. పెద్ద సెమినరీల గ్రంథాలయాల్లో కొన్ని సంపుటాలు దొరుకుతాయి. మిలాన్ నుంచి 1872లో మొదలైన 'లే మిస్సియోని కత్తోలికె' పత్రికలో హైదరాబాద్ గురువుల ఉత్తరాలు పడేవి. అది ఇటాలియన్‌లో ఉంటుంది. మీ గురువు పేరు తెలిస్తే రోమ్‌లోని పీమే ఆర్కైవ్‌కు ఆ పేరుతో రాయొచ్చు. పేరు తెలియకుండా రాస్తే పని జరగదు.

మార్జిన్ నోట్

లాటిన్ సంగతి చెబుతాను. భయపడాల్సింది ఏమీ లేదు. వాక్యం ఎప్పుడూ ఒకే మూసలో ఉంటుంది: ఫలానా రోజున, కింద సంతకం చేసిన నేను, ఫలానా దంపతులకు ఫలానా రోజు పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానమిచ్చాను, జ్ఞాన తండ్రి (జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడే పెద్ద) ఫలానా. ఇరవై మాటలు గుర్తుపడితే పుస్తకమంతా చదవొచ్చు. "బాప్టిజావి" అంటే జ్ఞానస్నానమిచ్చాను. "నాతుస్" అంటే పుట్టిన కొడుకు, "నాతా" అయితే కూతురు. "ఫీలియుస్, ఫీలియా" కొడుకు, కూతురు. "కోన్యుగుమ్" దంపతులకు. "పత్రీనుస్, మత్రీనా" జ్ఞాన తండ్రి, జ్ఞాన తల్లి. "ఎక్స్ పాగో" అన్న మాట తర్వాత వచ్చేది ఊరి పేరు. "ఉత్ సుప్రా" అంటే పైన రాసినట్టే, కాబట్టి పై వరుస చూడకుండా ఆ వరుస రాసుకోవద్దు.

ఎక్కువ తప్పులు జరిగేది తేదీల్లో. పుట్టిన రోజు, జ్ఞానస్నానం రోజు రెండూ ఉంటాయి. "హేరి" అంటే నిన్న పుట్టిన, "హోదియే" ఈ రోజే పుట్టిన, "ప్రిదియే" ముందు రోజు. నెలల్లో అంకె ఏడు పక్కన చిన్నగా "బ్రిస్" అని ఉంటే అది సెప్టెంబర్, జూలై కాదు. ఎనిమిది "బ్రిస్" అక్టోబర్, తొమ్మిది నవంబర్. గుణకారం గుర్తు లాంటి రోమన్ పది పక్కన "బ్రిస్" ఉంటే డిసెంబర్. ఈ ఒక్క పొరపాటు వల్ల అచ్చయిన పుస్తకాల్లో పిల్లలు పుట్టకముందే జ్ఞానస్నానం అయినట్టు కనబడుతుంది. ఇటలీ చేతిరాతలో ఒకటికి ముందు పొడుగు గీత ఉంటుంది, అది మనకు ఏడులా అనిపిస్తుంది. నిజమైన ఏడుకు తరచూ నడుమ అడ్డగీత ఉంటుంది. ఒక పేజీలో ఖచ్చితంగా తెలిసిన 17, 27 వంటి తేదీలను చూసి ఆ గురువు చేతిరాతను పట్టుకున్నాకే మిగతాది చదవండి.

పేర్ల విషయం ఇంకొంచెం జాగ్రత్త. ఇటాలియన్‌లో "సీ" అక్షరం తర్వాత "ఐ" గానీ "ఈ" గానీ వస్తే చకారం, అదే "సీ, హెచ్" కలిస్తే కకారం. కాబట్టి చిన్నయ్య పేరు ఒకరి చేతిలో "సిన్నయ్య" లాగా, ఇంగ్లీషు చదివిన ఇంకొకరి చేతిలో వేరుగా కనిపిస్తుంది. ఇటాలియన్‌లో హకారం పలకరు, హనుమయ్య "అనుమయ్య" అవుతాడు. ట–త, ల–ళ తేడాలు రోమన్ లిపిలో ఎలాగూ నిలవవు. ఇంటిపేరు చాలా చోట్ల రాయరు. జోసెఫ్, చిన్నయ్య కొడుకు, ఫలానా ఊరు, అంతే. అదే ఊళ్లో చిన్నయ్యలు ముగ్గురుంటారు. వాళ్లను విడదీయడానికి తల్లి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు కలిపి చూడాలి.

ఇప్పుడు మీకు కావాల్సిన అసలు పద్ధతి. తల్లి విచారణ పుస్తకం నుంచి మీ ఊరి వరుసలు మాత్రమే ఎత్తి ఒక పట్టిక వేసుకోండి. గడులు ఇవి: పుస్తకం, పేజీ, వరుస నంబర్, జ్ఞానస్నానం తేదీ, పుట్టిన తేదీ, పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, గురువు, మార్జిన్ రాతలు. చివర "ఉన్నది ఉన్నట్టు" అని ఒక గడి, అందులో రోమన్ అక్షరాలు అలాగే. తెలుగు చేసిన పేరును దాని మీద ఎప్పుడూ రాయొద్దు, పక్క గడిలో రాయండి. వరుసకు 3 నిమిషాలు పడుతుంది అనుకుంటే 1,000 వరుసలకు 50 గంటలు. ఇద్దరు కూర్చుంటే, ఒకరు చదివి ఒకరు కొడితే, తప్పులు బాగా తగ్గుతాయి.

పట్టిక పూర్తయ్యాక జ్ఞాన తండ్రి గడిని వరుసలో పెట్టి చూడండి. ఒకే పేరు పదే పదే వస్తుంటే ఆయనే ఉపదేశి అయ్యే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే కొత్తగా వచ్చిన కుటుంబాల్లో జ్ఞాన తండ్రిగా నిలబడటానికి అప్పటికే జ్ఞానస్నానం పొందినవాళ్లు ఇంకెవరూ ఉండరు. ఆ పేరు మొదటిసారి వచ్చిన తేదీ, పెద్దవాళ్లు చెప్పే "ఉపదేశి వచ్చిన కాలం" పక్కపక్కన పెట్టి చూస్తే మీ పెద్దవాళ్ల మాట నిలుస్తుందో లేదో తేలిపోతుంది. అలాగే "ఆదుల్తుస్" అన్న మాట, దాని పక్కన సుమారు వయసు ఉంటే అది పెద్దవాళ్ల జ్ఞానస్నానం. అవి ఒకే రోజు పది, పదిహేను వరుసగా ఉన్న పేజీ దొరికితే మీ సంఘం మొదలైన రోజు దొరికినట్టే.

మార్జిన్ వదలొద్దు. 1908 ఈస్టర్ నుంచి అమల్లోకి వచ్చిన రోమ్ ఉత్తర్వు ప్రకారం పెళ్లి జరిగితే జ్ఞానస్నానం వరుస పక్కన ఆ పెళ్లి ఎక్కడ, ఎప్పుడు అయిందో రాయాలి. ఆడపిల్ల ఏ ఊరికి కోడలిగా వెళ్లిందో దాంతో తెలుస్తుంది. పేజీ అడుగున పెద్ద సంతకం, దానిపైన "వీసుం" అని ఉంటే అది బిషప్ గారి సందర్శన గుర్తు. ఏ బిషప్ ఎప్పుడు ఆ విచారణకు వచ్చారో దానికంటే గట్టి ఆధారం లేదు.

హాలియా దారి

చాలా మేలు చేశారు. తల్లి విచారణ గురువు గారు ఒక పుస్తకం చూడనిచ్చారు. మా ఊరి వరుసల్లో కొన్నిటి దగ్గర "సుబ్ కొందిత్సియోనే" అని ఉంది, మిగతావాటికి లేదు. అదేమిటి? భూమి గురించి కూడా ఎవరైనా చెప్పండి.

పాలమూరు పహాణీ

భూమి ముచ్చట నేను చెప్త. ముందుగాల గుడి గ్రామకంఠంల (ఊరి ఇండ్ల జాగల) ఉన్నదా, సర్వే నంబర్ల ఉన్నదా చూడుండ్రి. గ్రామకంఠంల ఉంటే పహాణీల (ఏ భూమి ఎవరిదో, ఎవరు దున్నుతున్నరో రాసే రిజిస్టర్ల) ఎంత దేవులాడినా కనవడది, ఎందుకంటే ఆబాదీ జాగకు పహాణీ రాయరు. అప్పుడు పంచాయతీల ఇంటిపన్ను రిజిస్టరే దిక్కు. పాత డిమాండ్ రిజిస్టర్ల "చర్చి" అనో "మిషన్ బంగ్లా" అనో ఉంటది, లేకుంటే ఉపదేశి పేరు మీదనే ఉంటది.

సర్వే నంబర్ల ఉంటే 1954–55 ఖాస్రా పహాణీ, 1955–58 చేసాల పహాణీ రెండు తప్పకుండ తీయాలె. తహసీల్ల సర్టిఫైడ్ నకలు అడగండ్రి. పట్టాదారు గడి, కబ్జాదారు గడి రెండూ రాసుకోవాలె. గుడి పేరు మీద వెతికితే దొరకకపోతే పరేషాన్ కాకుండ్రి. పాతరోజులల్ల ఫాదర్ పేరు మీదనే కొన్నరు, ఇటలీ పేరును పట్వారి తనకు వచ్చినట్టు రాసిండు. సర్వే నంబర్ పట్టుకొని పోవాలె గానీ పేరు పట్టుకొని పోవద్దు. సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టర్) కావాలంటే జిల్లా సర్వే ఆఫీసుల దొరుకుతది. ధరణిల గానీ ఇప్పటి భూభారతిల గానీ ఇప్పటి పేరే చూపిస్తది, చరిత్రకు అది పనికి రాదు.

దానం ఇచ్చినోళ్లది చాలవరకు నోటిమాట, లేకుంటే సాదాబైనామా, అంటే రిజిస్ట్రీ లేని తెల్లకాగితం. అది ఇచ్చినోళ్ల ఇంట్ల పెట్టెల ఉంటది, ఆఫీసుల ఉండది. నిజాం కాలం కాగితం ఉర్దూల ఉంటది, తారీఖు ఫసలీల (శిస్తు లెక్కల ఏడుల) ఉంటది. ఈడనే మస్తు మంది తప్పు లెక్క కడ్తరు. హైదరాబాద్ రాజ్యంల ఫసలీ ఏడు అక్టోబర్ మొదట్ల ఆజూర్ నెలతోటి షురూ. ఆజూర్, దై, బహమన్, ఈ మూడు నెలలకు 590 కలపాలె, మిగతా నెలలకు 591. బహమన్ ఆఖరు రోజులు కొన్ని జనవరిల పడ్తయి, ఆ నాలుగు దినాలు జర చూసుకోవాలె. సరిచూసుకునేతందుకు ఒక గుర్తు: జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీది, అది వచ్చింది 1949 ఆగస్టు 15న. 1358కి 591 కలుపుతే 1949 వచ్చింది, సరిపాయె. ఆంధ్ర దిక్కు ఫసలీ జూలై 1న మొదలైతది. గుంటూరు నుంచి వచ్చినోళ్ల కాగితాలకు ఈ లెక్క పెట్టద్దు.

ఊరు సాగర్ల మునిగి పునరావాసం కింద వచ్చినోళ్లుంటే, గట్లనే కృష్ణ ఒడ్డున కొల్లాపూర్, ఆలంపూర్ దిక్కు శ్రీశైలం ముంపు ఊర్లయితే, భూసేకరణ అవార్డు నకలు అడగండ్రి. ఇండ్లకు, కట్టడాలకు విలువ కట్టిన జాబితా అందుల ఉంటది. పాత గుడికి కొలత, గోడ రాయిదా మట్టిదా, పైకప్పు పెంకుదా గడ్డిదా అని రాసి ఉంటే మునిగిన గుడి గురించి గంత వివరం ఇంకెక్కడ దొరకది.

దేవరకొండ కోట

"సుబ్ కొందిత్సియోనే" అంటే షరతుతో ఇచ్చిన జ్ఞానస్నానం. ఒకవేళ ఇంతకుముందు చెల్లుబాటయ్యే జ్ఞానస్నానం పొంది ఉండకపోతేనే ఇది వర్తిస్తుంది అని దాని అర్థం. రెండో వాటికన్ సభకు ముందు ఇతర సంఘాల నుంచి వచ్చినవాళ్లకు అలా ఇచ్చేవారు. కాబట్టి ఆ వరుసలే మీ బాప్టిస్టు కుటుంబాలు కావచ్చు. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. అదే ఇంట్లో తల్లిదండ్రులకు షరతుతో, పిల్లలకు షరతు లేకుండా ఇచ్చి ఉంటే రెండు వేర్వేరు కుటుంబాలని అనుకోవద్దు.

వాళ్ల పాత కాగితాలు వేరే చోట ఉంటాయి. నల్లగొండలో బాప్టిస్టు మిషన్ పనికి 1890లో వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ (పెద్దయ్యాకే బాప్తిస్మం ఇచ్చే ఒక ప్రొటెస్టెంటు శాఖవాడు). తర్వాత అమెరికన్ మెన్నోనైట్ బ్రదరెన్ వాళ్లు వచ్చారు. వాళ్ల మొదటి మిషనరీ ఎన్.ఎన్. హీబర్ట్ 1899లో వచ్చాడు, మిన్నెసోటాలోని మౌంటెన్ లేక్ ఊరివాడు. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల స్టేషన్లు వాళ్లవి. 1937లో మహబూబ్‌నగర్ స్టేషన్ కూడా బాప్టిస్టుల నుంచి వాళ్ల చేతికి వచ్చింది. వాళ్ల మిషన్ కార్యాలయం కాన్సాస్‌లోని హిల్స్‌బోరోలో ఉండేది. ఆ నివేదికలు, ఫోటోలు అమెరికాలోని మెన్నోనైట్ ఆర్కైవ్‌లలో ఉన్నాయి. మన కతోలిక రిజిస్టర్‌ను వాళ్ల సభ్యుల పట్టికతో కలిపి చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి: వాళ్ల పుస్తకంలో ఉండే తేదీ పెద్దయ్యాక పొందిన బాప్తిస్మానిది, దాన్నిబట్టి పుట్టిన ఏడు లెక్క కట్టకూడదు.

ఈ మెన్నోనైట్లు 1874 నుంచి దక్షిణ రష్యా వదిలి కాన్సాస్, మిన్నెసోటా, కెనడాలోని మానిటోబా మైదానాలకు వలసపోయినవాళ్లు. అదే మైదానాల్లో కతోలికుల పల్లె విచారణలు కూడా వెలిశాయి. వాటి చరిత్ర పుస్తకాలు చూస్తే మనకు మంచి దారి దొరుకుతుంది. ఉదాహరణకు కెనడాలోని సస్కచెవాన్‌లో మ్యూన్‌స్టర్ చుట్టూ ఉన్న సెయింట్ పీటర్స్ కాలనీ. 1903లో బెనెడిక్టైన్ సన్యాసులు, జర్మన్ మాట్లాడే రైతులు కలిసి అక్కడ స్థిరపడ్డారు. 1904 నుంచే జర్మన్‌లో సొంత పత్రిక నడిపారు. అక్కడ ప్రభుత్వం భూమిని మైలు చదరాలుగా కొలిచి, ఒక్కో చదరం 640 ఎకరాలు, దానిలో నాలుగో వంతు 160 ఎకరాలు ఒక్కో కుటుంబానికి ఇచ్చింది. అందుకే వాళ్ల విచారణ చరిత్రల్లో ప్రతి కుటుంబం పక్కనా ఏ చదరంలో ఏ ముక్కలో ఉండేవారో నంబర్ ఉంటుంది. గురువు ఎక్కడి నుంచి గుర్రబ్బండిలో వచ్చేవాడు, రైలు మార్గం పక్క ఊరి మీదుగా పడ్డప్పుడు గుడిని ఎటు జరిపారు, పొలాలు పెద్దవై జనం తగ్గాక విచారణ మూసేస్తే రిజిస్టర్లు ఎక్కడికి చేరాయి, ఇవన్నీ రాస్తారు. స్తోత్రవాక్యాలతో నింపిన జూబిలీ పుస్తకాలకంటే అవి నూరు రెట్లు పనికొచ్చేవి.

మన దగ్గర ఆ చదరం నంబర్ స్థానంలో వాడ పేరు, సర్వే నంబర్ వాడండి. రైలు స్థానంలో కాలువ. సాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబర్ 10న. మీ గుడి రాయి మీద ఉన్నది 1958, అంటే డ్యామ్ కట్టడం ఇంకా సాగుతుండగా, నీళ్లు రాకముందే మొదలుపెట్టిన గుడి, మెట్ట పంటల రోజుల్లో ఉన్న కుటుంబాలు కట్టుకున్న గుడి. అది పుస్తకంలో స్పష్టంగా రావాలి. గుంటూరు నుంచి వచ్చినవాళ్ల వరుసలు తల్లి విచారణ రిజిస్టర్లో ఆ తర్వాతే కనబడాలి. వాళ్ల తాతల జ్ఞానస్నానాలు గుంటూరు మేత్రాసనంలో ఉంటాయి. అది 1940లో నెల్లూరు నుంచి విడిపోయింది. అటువైపు మిల్‌హిల్ సభ గురువులు ఉండేవారు కాబట్టి అక్కడి చేతిరాత, పేర్ల అక్షరక్రమం ఇంగ్లీషు పద్ధతిలో ఉంటుంది, మార్జిన్ నోట్ గారు చెప్పిన ఇటాలియన్ సూత్రాలు వాటికి పెట్టకండి. ఫిరంగిపురం లాంటి పాత విచారణల వాళ్లయితే రిజిస్టర్లు ఇంకా వెనక్కి పోతాయి.

రాతి అక్షరం

అచ్చువేసే ముందు ఒక మాట, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. బతికున్నవాళ్ల జ్ఞానస్నానం వివరాలు, వాళ్ల తల్లిదండ్రులవి కూడా, కుటుంబం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అచ్చువేయకండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 3వ పేరా ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు మాత్రమే. ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన దగ్గర బీసీ–సీ. మీ పుస్తకంలో పేరు, ఇంటిపేరు, కులం, జ్ఞానస్నానం తేదీ ఒకే వరుసలో అచ్చయితే అది ఒక పిల్లవాడి సర్టిఫికెట్ మీద ఎవరో పెట్టే ఫిర్యాదుకు ఆధారమవుతుంది. పాత రిజిస్టర్లలో కులం రాసి ఉంటే పట్టికలో ఎత్తుకోండి, పుస్తకంలో మాత్రం వద్దు. అక్రమ సంతానం అన్న అర్థంలో ఉన్న లాటిన్ మాటలు, దత్తత వివరాలు, ప్రాణాపాయంలో ఇచ్చిన జ్ఞానస్నానాలు కూడా అంతే. ఏడాదికి ఎన్ని జ్ఞానస్నానాలు, ఎన్ని పెళ్లిళ్లు అన్న లెక్కలు వేయండి. వాటితోనే ఊరి కథ చాలావరకు బయటపడుతుంది, ఎవరికీ నష్టం లేదు.

తేదీల గురించి నా సలహా: జూబిలీ 1979ని బట్టి చేయండి, ఎందుకంటే ఉత్తర్వు ఉన్నది దానికే. పుస్తకంలో మాత్రం నాలుగు తేదీలూ వరుసగా, ఒక్కోదాని పక్కన ఆధారంతో సహా ఇవ్వండి. మొదటి జ్ఞానస్నానం (పుస్తకం, పేజీ, వరుస), ఉపదేశి పేరు మొదట కనబడిన తేదీ, శంకుస్థాపన, విచారణ ఉత్తర్వు. శంకుస్థాపన రాయి తేదీని గుడి ఆశీర్వాదం తేదీగా రాయకండి. డబ్బు చాలక మధ్యలో ఆగిపోయి, ఏళ్ల తర్వాత పైకప్పు పడిన గుళ్లు చాలా ఉన్నాయి. గంట మీద ఏడు ఉంటే దాన్ని కూడా గుడి తేదీ అనుకోవద్దు. గంట ఇంకో గుడి నుంచి వచ్చి ఉండొచ్చు. గంట మీద అక్షరాలు అరిగిపోతే పలుచని తెల్లకాగితం దాని మీద బిగించి పట్టుకుని, మెత్తటి పెన్సిల్‌ను పడుకోబెట్టి రుద్దండి. గీకడం, యాసిడ్‌తో తోమడం అస్సలు వద్దు.

హాలియా దారి

అందరికీ కృతజ్ఞతలు. ఆ తల్లి విచారణ పుస్తకంలో ఓ ఇరవై పేజీలు సిరా వెలిసిపోయి గోధుమ రంగులోకి వచ్చాయి, కొన్ని తడిసి అంటుకున్నాయి. ఫాదర్ గారు బయటికి తీసుకుపోనివ్వరు, అక్కడే ఫోటోలు తీయాలి. ఎలా తీయాలి?

మార్జిన్ నోట్

అంటుకున్న పేజీలను విప్పకండి. కత్తి, స్కేలు పెట్టి లేపితే పై పేజీ అక్షరాలు కింద పేజీకి అంటుకుని రెండూ పోతాయి. వాటిని వదిలేసి, ఆ ఏళ్లకు కూరియాలో వార్షిక నకలు అడగండి.

మిగతావాటికి ఉదయం పూట కిటికీ పక్కన బల్ల వేయండి, ఎండ నేరుగా పడకూడదు. ఫ్లాష్ వాడితే వెలిసిన సిరా ఇంకా పేలవంగా వస్తుంది. పుస్తకాన్ని పూర్తిగా విప్పి నొక్కకండి, వెన్ను చిట్లుతుంది. రెండు అట్టల కింద మడిచిన దుప్పటి పెట్టి వంద డిగ్రీలంత తెరవండి చాలు. ఫోన్ పేజీకి సమాంతరంగా ఉండాలి. ఒక్కో పేజీకి ఒక ఫోటో, మార్జిన్ నాలుగు వైపులా కనబడాలి. పేజీ పక్కన చిన్న స్కేలు, పేజీ నంబర్ రాసిన చీటీ పెట్టండి. ఫైలు పేరు పుస్తకం–పేజీ అని అదే రోజు మార్చేయండి. వారం ఆగితే ఏ పేజీ ఏదో తెలియదు.

వెలిసిన అక్షరాలకు ఫోటో సవరించే యాప్‌లో రంగులు తీసేసి, నీలం ఛానల్ ఒక్కటే ఉంచి, కాంట్రాస్ట్ పెంచండి. ఆ కాలపు ఇనుప సిరా గోధుమ రంగుకు తిరిగినా నీలం ఛానల్‌లో నల్లగా తేలుతుంది. దానితోనూ కనబడకపోతే నోట్లు పరీక్షించే చిన్న అతినీల లైటు గది చీకటి చేసి వేయండి, సిరా ఉన్నచోట కాగితం మెరవక నల్లటి గీతలు కనబడతాయి. పేజీకి కొన్ని సెకన్లు చాలు, ఎక్కువసేపు వేస్తే కాగితానికి చేటు. చిరిగిన అంచులకు సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు. తుప్పు పట్టిన గుండుసూదులుంటే ఫాదర్ గారిని అడిగి, కాగితాన్ని కాక సూదిని కదుపుతూ తీయండి.

చివర ఫోటోల సెట్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తల్లి విచారణకు, ఇంకొకటి నల్లగొండ కూరియాకు ఇవ్వండి. ఇస్తామని ముందే మాట ఇస్తే పుస్తకం చూపించడానికి వెనకాడే గురువులు కూడా ఒప్పుకుంటారు.